మార్చిలో మిద్దె మీద పూతంతా రాలిపోతోంది, ఏ ఎరువు వెయ్యాలి అన్న ప్రశ్నకి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాద్‌లో మూడో అంతస్తు పైన డాబా, మొన్న దీపావళి తర్వాత మొదలుపెట్టారు, జనవరి ఫిబ్రవరిలో టమాటా, వంకాయ ఇంటికి సరిపోను పక్కింటికి పంచను కాశాయి, ఇప్పుడు మార్చి రెండో వారం వచ్చేసరికి టమాటా పూత పూసినట్టే పూసి రాలిపోతోంది, మిర్చి ఆకులు ముడుచుకుపోయాయి, బీరకి అన్నీ మగపూలే, డ్రమ్ములో మామిడికి పొద్దున లేస్తే కింద గుప్పెడు పిందెలు. "ఏ ఎరువు, ఎంత వెయ్యాలి?" అని అడిగారు.

ఏ ఎరువూ వెయ్యకండి. ఇదే నా సమాధానం, మిగతాదంతా ఎందుకు అనేదే. మీ మొక్కలకి ఆకలి కాదండి, వేడి. వేడిలో ఉన్నవాడికి కడుపు నిండా బిర్యానీ పెడితే ఎలా ఉంటుందో మార్చిలో కుండీకి ఎరువు వేస్తే అలా ఉంటుంది. నేను పన్నెండేళ్లుగా ఉప్పల్ వైపు మా ఇంటి మీద పెంచుతున్నా, మొదటి మూడేళ్లు సరిగ్గా మీరడిగిన ప్రశ్నే అడిగి షాపులో వాళ్లు ఇచ్చిందల్లా తెచ్చి పోశా. ఒకసారి పూత నిలబడుతుందని డీఏపీ గుప్పెడు చొప్పున పన్నెండు కుండీలకి వేసేశా, నాలుగో రోజుకి ఆకు అంచులన్నీ మాడిపోయి కాగితంలా అయ్యాయి, ఆ పన్నెండూ పీకి పారేశా. మా వారు ఇప్పటికీ ఎవరైనా ఎరువు గురించి అడిగితే ఆ కథే చెబుతారు.

టమాటా సంగతి ముందు. పగలు ఎండ 32, 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకుండా 24 దగ్గరే ఉండిపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పువ్వు వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ కట్టదు, తొడిమ దగ్గర పసుపు పచ్చగా అయి టప్పున రాలుతుంది. మీరు చూస్తున్నది అదే. ఇంకోటేంటంటే వార్తల్లో చెప్పే టెంపరేచర్ వేరు, మన డాబా మీదది వేరు, స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతూనే ఉంటుంది, రాత్రి తొమ్మిదింటికి చెప్పుల్లేకుండా పైకెళ్లి నిలబడి చూడండి మీకే తెలుస్తుంది. మొక్క వేరు కూడా ఆ స్లాబు మీదే ఉంది కదా. నల్ల గ్రోబ్యాగ్ అయితే మరీ.

అసలు మన పొరపాటు ఎక్కడంటే వసంతం అనగానే తోటకి మొదలు అనుకుంటాం. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్లు మార్చిలో టమాటా విత్తనం వేస్తుంటారు, చూసి మనమూ వేస్తాం. మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది, అది మార్చిలో ఇంట్లో కిటికీ పక్కన చిన్న కప్పుల్లో బీర, ఆనప, గోంగూర మొలకలు పెట్టుకుని మే నెల నడుమ దాకా మంచు పోయిందా లేదా అని చూస్తూ కూర్చుంటుంది, ఆ తర్వాతే బయట నాటుతుంది. దానికి చలి పోవాలి, మనకి ఎండ రాకముందే పని అయిపోవాలి. దక్కన్ పీఠభూమి మీద మనకి వసంతం అంటే చలికాలం పంటకి తలుపు మూసుకునే టైము. విజయవాడ, గుంటూరు వైపు వాళ్లకి ఉక్కపోత కూడా తోడవుతుంది, వాళ్లకి ఆ తలుపు ఇంకాస్త ముందే పడుతుంది.

కాబట్టి టమాటాలో బలంగా ఉన్న రెండు మొక్కలు ఉంచుకోండి, నీడలోకి జరపండి, మిగతావి ఉన్న కాయలు పండగానే తీసేయండి. మనసు ఒప్పదు, తెలుసు. పచ్చగా ఉన్న మొక్కని పీకడం అంటే నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. కానీ ఏప్రిల్ అంతా దానికి నీళ్లు పోసి, దాని మీద పెరిగిన తెల్లదోమని పక్కన వంకాయకి, బెండకి పంచి, మేలో అది ఎండిపోతే లాభం ఏముంది. ఇంకో బాధ కూడా చెప్తా, నవ్వుకోండి. మన కుండీలో టమాటా విరగకాసేది సరిగ్గా రైతుబజార్లో అది అగ్గువకి దొరికే రోజుల్లోనే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో వంద దాటినప్పుడు నా మిద్దె మీద ఒక్క కాయ లేదు. ఆ ఏడు నుంచి మే ఆఖరులో నీడన నారు పోసుకోవడం అలవాటు చేసుకున్నా, వానలు పడగానే నాటుతా.

ఖాళీ అయిన కుండీలు ఊరికే వదలకండి. మట్టి కుప్పగా పోసి, వేర్లు ఏరేసి, కాస్త తడిపి, మీద అవతలికి కనిపించే పల్చటి పాలిథిన్ కవరు గట్టిగా కప్పి ఏప్రిల్ మేలో ఐదారు వారాలు ఎండలో ఉంచండి. మట్టిలో ఉన్న పురుగుల గుడ్లు, తెగుళ్లు చాలా మటుకు పోతాయి. మన ఎండకి ఒక ఉపయోగం అంటూ ఉంటే ఇదే.

మిర్చి ముడత గురించి. అందరూ "ముడత" అని ఒకే మాట అంటారు గానీ అది ఎటు ముడుచుకుందో చూడాలి. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగు. కిందికి వంగి తిరగేసిన పడవలా అయి ఆకు కాడ పొడుగ్గా సాగితే నల్లి, అంటే కంటికి సరిగ్గా ఆనని సన్న పురుగు. ఆకులు చిన్నవైపోయి గుత్తిలాగా అయి మొక్క ఎదుగుదలే ఆగిపోతే అది వైరస్, దాన్ని తెల్లదోమ తెస్తుంది, దానికి మందు లేదు, పీకి కవర్లో కట్టి పడేయడమే, కంపోస్ట్ బిన్‌లో కూడా వెయ్యద్దు. మొదటి రెండిటికీ తుంచగలిగిన చివుళ్లు తుంచేసి, ఆకు అడుగు భాగం తడిసేలా నీళ్లు గట్టిగా కొట్టి, సాయంత్రం వేపనూనె లీటరుకి 5 మి.లీ. చొప్పున, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి కొట్టండి, వారానికోసారి మూడు సార్లు. సాయంత్రం అంటే ఎండ దిగాకే. నేను ఒకసారి ఆఫీసుకి టైమవుతోందని పొద్దున పదింటికి దోస పాదు మీద కొట్టేసి వెళ్లా, వచ్చేసరికి ఆకులన్నీ నూనెలో వేయించినట్టు ఉన్నాయి. నల్లికి నీళ్లలో కరిగే గంధకం పొడి బాగా పని చేస్తుంది కానీ అది కూడా బాగా ఎండగా ఉన్న రోజుల్లో ఆకు కాల్చేస్తుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు అస్సలు కొట్టకూడదు, అందుకే మార్చి దాటాక నేను దాని జోలికి పోను.

పుల్ల మజ్జిగ కొట్టచ్చా అని కింద కామెంట్లలో ఎవరో అడిగారు. కొట్టచ్చు, బూడిద తెగులు మొదట్లోనే పట్టుకుంటే కాస్త ఆగుతుంది, వైరస్‌కి మాత్రం అది మందు కాదు.

ఇప్పుడు బీర. మీరు కంగారు పడాల్సింది లేదు, బీర లాంటి తీగ కూరగాయల్లో చాలావాటికి ముందు మగపూలే వస్తాయి, పది పదిహేను రోజులు అవి రాలిపోతూనే ఉంటాయి, తర్వాత ఆడపూలు. పువ్వు కింద చిన్న పిందె ఆకారం ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. అయితే ఎండ పెరిగినా, పొద్దు పెరిగినా, నత్రజని ఎక్కువైనా మగపూలే ఎక్కువ వస్తాయి, అంటే మీరు ఆవు పేడ నీళ్లు, వర్మీ కంపోస్ట్ అని వారం వారం పోస్తున్నారు చూడండి, అది మానేయండి. వచ్చిన నాలుగు ఆడపూలని పోగొట్టుకోకుండా చేత్తో మీరే పుప్పొడి అంటించండి. ఇక్కడే చాలామంది దెబ్బతినేది. పొద్దున వాకింగ్ అయ్యాక పైకెళ్లి బీర పువ్వు ముడుచుకుపోయి ఉందే అనుకుంటారు. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం, నాలుగైదు తర్వాత. ఆనప (మీరు సొర అంటారేమో) పొద్దుగూకేటప్పుడు, పొట్ల రాత్రి. కాకర, దోస పొద్దున్నే. గుమ్మడి అయితే తెల్లారుజామున, ఎనిమిది దాటితే అయిపోయినట్టే. మగపువ్వు కోసి రెక్కలు తీసేసి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి, ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి వస్తుంది. మా అమ్మ ఖమ్మంలో పెరటి పందిరి మీద బీరకి ఇవన్నీ ఎప్పుడూ చెయ్యలేదు, ఆ పని పురుగులే చేసేవి. మూడో అంతస్తు మీదికి, చుట్టూ అపార్ట్‌మెంట్ల మధ్యకి అవి రావడం తక్కువ, అంతే తేడా.

వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకోండి, బీర, కాకర, ఆనప విత్తనం సంక్రాంతి వెళ్లగానే పెట్టేయాలి. అప్పుడు మార్చి మొదటికి పందిరి ఎక్కి కాపుకొస్తాయి, ఎండలు ముదిరే లోపు నాలుగు కోతలు అందుతాయి. మీరు లేటుగా పెట్టానన్నారు. పూర్తిగా పోయినట్టు కాదు గానీ తక్కువే వస్తుంది, ముందే చెప్తున్నా.

పిందె కట్టాక వంకరపోయి కుళ్లిపోతుంటే పండు ఈగ. దానికి ఎర బుట్టలు దొరుకుతాయి, కానీ చూసి కొనండి, తీగ కూరలకి క్యూ లూర్, మామిడి జామకి మిథైల్ యూజినాల్, ఒకటి తెచ్చి రెండిటికీ పెడితే పని చెయ్యదు. నేను రెండు సీజన్లు మామిడి ఎర పెట్టి కాకర కాయలు కుళ్లబెట్టుకున్నా, బుట్టలో ఈగలు నిండుగా పడుతున్నాయి కదా అని సంతోషపడుతూ! పైగా ఈ ఎరల్లో పడేది మగ ఈగలే, కాబట్టి కుళ్లిన కాయల్ని ఏరి నీళ్లలో ముంచి చంపకపోతే లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది.

మామిడికి వద్దాం, మీ అసలు బాధ అక్కడే ఉందని ఫొటోల సంఖ్య చూస్తేనే తెలుస్తోంది. పిందెలు రాలడం జబ్బు కాదండి. ఒక్కో పూగుత్తిలో వందలు, వేలు పూలుంటాయి, అందులో చాలావరకు మగవి, కట్టగలిగినవాటిలో కూడా వెయ్యికి ఒకటో రెండో కోతదాకా నిలబడితే గొప్ప. పెద్ద తోటల్లోనే ఇలా ఉంటే రెండొందల లీటర్ల డ్రమ్ము సగం కోసి పెట్టిన చెట్టుకి ఎన్ని మోయగల శక్తి ఉంటుంది? మీ చెట్టుకి మూడో ఏడు అన్నారు, మూడు నాలుగు కాయలు నిలబడితే చాలు. నేనైతే మొదటి రెండేళ్లు పూత తుంచేయమంటా, మీరు అది దాటేశారు కాబట్టి సరే.

సహజం కాని రాలుడు ఒకటుంది, అది చూసుకోండి. పూత మీద, ఆకుల మీద జిగురుగా, చెట్టు కింద స్లాబు కూడా కాలికి అంటుకుంటుంటే తేనెమంచు పురుగు ఉన్నట్టు. కొన్నాళ్లకి ఆ జిగురు మీద నల్లగా మసి పడుతుంది. దానికి మొగ్గ దశలోనే వేపనూనె కొట్టాలి, పూత పూర్తిగా విచ్చుకున్నాక ఏ మందూ కొట్టకూడదు, ఎందుకంటే మామిడికి పుప్పొడి మోసేది ఎక్కువగా ఈగలే, తేనెటీగలు కాదు. అవును, మనం చీదరించుకునే ఈగలే. పూత టైములో చెట్టు చుట్టూ ఈగలు ముసురుతుంటే నేను సంతోషిస్తా, మా వారు బ్యాటు పట్టుకుని తిరుగుతుంటారు.

ఇంకోటి నీళ్లు. పూత రావాలంటే మామిడికి ముందు కాస్త ఎద్దడి ఉండాలి, పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు మొదలుపెట్టాలి అని రైతులు చెప్తారు, నిజమే. కానీ ఆ మాట పట్టుకుని డ్రమ్ములో చెట్టుకి పూర్తిగా నీళ్లు ఆపేస్తే చెట్టే పోతుంది, దాని వేరు వెళ్లి తెచ్చుకోడానికి కింద భూమి లేదు కదా. తగ్గించాలి, ఆపకూడదు. ఇప్పుడు మీకు పిందె గోళీకాయంత ఉంది కాబట్టి ఒకరోజు వరదలా పోసి మూడ్రోజులు మర్చిపోవడం కాకుండా రోజూ సమానంగా పోయండి. దానిమ్మ కాయ పగిలేది, టమాటా కింద నల్ల మచ్చ పడేది కూడా చాలాసార్లు ఈ తడి ఆరడాల వల్లే. గుడ్డు పెంకుల పొడి వేశాను తగ్గలేదు అంటారు, పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, నీళ్లు సరిచేస్తే వారంలో తేడా కనిపిస్తుంది.

చెట్టు ఏ రకం అన్నది మీరు రాయలేదు. డ్రమ్ముకి ఆమ్రపాలి లాంటి పొట్టి రకం అయితే హాయి, ఏటా కాస్తుంది. బంగినపల్లి కూడా బతుకుతుంది గానీ ఒక ఏడు కాసి ఒక ఏడు అలుగుతుంది. నాకు ఒక నర్సరీలో అంటు మొక్క అని చెప్పి టెంక మొక్క అంటగట్టారు, ఆరేళ్లు పెంచా, ఆకులు మాత్రం బ్రహ్మాండంగా కాసింది. ఆ ఆకులన్నీ ఉగాది తోరణాలకే. కొనేటప్పుడు కాండం మీద అంటు కట్టిన మచ్చ చూసుకోండి.

వడగళ్ల గురించి కూడా ఒక మాట. 2023 మార్చి నడుమ వికారాబాద్, జహీరాబాద్ వైపు నేలంతా తెల్లగా పరిచినట్టు పడ్డాయి గుర్తుందా, ఆ రోజు మా దగ్గర అంత లేకపోయినా ఈదురుగాలికే నాకున్న పదకొండు మామిడి కాయల్లో ఎనిమిది రాలాయి. చెయ్యగలిగింది ఏం లేదు, రాలినవి పప్పులో వేసుకున్నాం. పందిరి వైర్లు మాత్రం బిగించి ఉంచుకోండి, వదులుగా ఉన్న షేడ్ నెట్ గాలికి తెరచాపలా లేచి కింద ఎవరి కారు మీదో పడుతుంది. మాకు పడింది. కారు పక్కింటి వాళ్లది, కాపు బాగున్న రోజుల్లో పంచిన వంకాయల పుణ్యాన ఏమీ అనలేదు.

మరి ఇప్పుడు ఏం చెయ్యాలి అంటే, ముందు నీడ. ఆకుకూరలకి 50 శాతం షేడ్ నెట్, కాసే మొక్కలకి 35 శాతం సరిపోతుంది, మరీ దట్టమైనది వేస్తే మొక్క సాగిపోయి పూత రాదు. పడమటి ఎండ ఆపితే సగం పని అయినట్టే, నేను పడమర పిట్టగోడ మీద పాత కాటన్ చీరలు కట్టా మొదటి ఏడు, బాగానే పనిచేశాయి. కుండీలు స్లాబు మీద నుంచి ఇటుకల మీదికో స్టాండ్ మీదికో ఎక్కించండి. నల్ల డ్రమ్ములకి బయట సున్నం పూయండి. మట్టి మీద ఎండుటాకులో, వరిగడ్డో, కొబ్బరి పీచో రెండంగుళాలు కప్పండి, కాండానికి తగలకుండా.

నీళ్లు పొద్దున ఏడులోపు. పైపు ఎండలో పడుంటే మొదట వచ్చేది వేన్నీళ్లు, చెయ్యి పెట్టి చూసి అవి వదిలేశాకే మొక్కకి పట్టండి, తెలియక నేను పాలకూర మొత్తం ఉడకబెట్టా ఒకసారి. మధ్యాహ్నం మూడింటికి ఆకులు వేలాడుతున్నాయని పరిగెత్తి నీళ్లు పొయ్యకండి, అది ఎండకి మొక్క చేసుకునే ఏర్పాటు, సాయంత్రానికి లేస్తుంది. పొద్దున కూడా వేలాడుతుంటేనే సమస్య, అప్పుడు కూడా వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి, లోపల తడి ఉంటే అది దాహం కాదు, వేరు కుళ్లు. బోరు నీళ్లయితే కుండీ అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, నెలకోసారి కింద నుంచి ధారగా కారేదాకా పోసి కడగండి. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు మొక్కలకి పోస్తున్నా అన్నారు, పొదుపు మంచిదే కానీ ఆ నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి ఇల్లు తుడవడానికి వాడుకోండి.

కొత్తగా వెయ్యాలని ఉంటే బెండ వెయ్యండి, ఎండంటే దానికి ఇష్టం, విత్తనం రాత్రంతా నానబెట్టి పెడితే 45, 50 రోజుల్లో కోస్తారు. బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ల అర్కా అనామిక దొరికితే తీసుకోండి, పల్లాకు తెగులుని తట్టుకుంటుందని విడుదల చేసిన రకం, నా దగ్గర బాగానే నిలబడింది. గోరుచిక్కుడు, అలసంద, తోటకూర, గోంగూర, బచ్చలి ధైర్యంగా వెయ్యండి. కొత్తిమీర ఇప్పుడు వేస్తే నాలుగాకులకే పూతకొస్తుంది. చిక్కుడు వద్దు, పాత నాటు రకాలు పొద్దు తగ్గితే గానీ పూయవు, ఇప్పుడు వేస్తే దసరా దాకా పందిరంతా ఆకులే, జూన్ జూలైలో పెట్టుకోండి.

కోతుల గురించి కూడా అడిగారు చివర్లో. దానికి నా దగ్గర మందు లేదండి, నేను మామిడికి, జామకి మాత్రం కాయకి కాయకి గుడ్డ సంచి కట్టి దాచిపెడతా, కోతులు చూస్తే అదీ పోతుంది. ఉడతలకి, చిలకలకి అయితే ఆ సంచి చాలు.

మీ మూడో ఫొటోలో మామిడి డ్రమ్ము కింద ఒక ప్లాస్టిక్ టబ్ పెట్టారు, అందులో నీళ్లు నిలిచి పాకుడు పట్టి కనిపిస్తోంది. అన్నిటికంటే ముందు అది తీసేయండి, డ్రమ్ము అడుగు బెజ్జాలు మూసుకుపోయాయేమో ఒక చువ్వతో పొడిచి చూడండి, తర్వాత వారానికి మళ్లీ ఒక ఫొటో పెట్టండి.